వేటకి తుపాకి: తక్కువ ఖర్చులో షాట్‌గన్ ఎంచుకోవడం ఎలా?

సెప్టెంబరు ఒకటో తారీఖు వచ్చిందంటే డాలస్, ఆస్టిన్ ఆఫీసుల్లో కొన్ని కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. జ్వరాలేమీ కావు. టెక్సాస్ ఉత్తర, మధ్య మండలాల్లో ఆ రోజున గువ్వల వేట మొదలవుతుంది. మర్నాడు మన పక్క క్యూబు ఆయన ఘాటు మిరపకాయలో గువ్వ మాంసం దూర్చి, బేకన్ చుట్టి, నిప్పుల మీద కాల్చిన సంగతి లొట్టలేసుకుంటూ చెబుతాడు. "వచ్చే ఏడు నువ్వూ రా" అంటాడు.

మన ఊళ్ళల్లో వేట మాంసం అంటే మేకపోతు మాంసమే. అసలు వేట సంగతి తాతల కబుర్లలో విన్నదే తప్ప మనలో ఎక్కువ మంది ఎరగరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ తర్వాత ఇండియాలో సరదా వేట ముగిసిన కథ. అమెరికాలో అలా కాదు. ఇక్కడ వేట లైసెన్సుల డబ్బు, తుపాకుల మీదా తూటాల మీదా వసూలయ్యే పన్ను అడవుల సంరక్షణకి పోతాయి. పొడవు తుపాకుల మీద పదకొండు శాతం పన్ను వేసి దాన్ని వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి పంచే పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం 1937లోనే వచ్చింది.

శాకాహారులకీ, ప్రాణం తీయడం ఇష్టం లేనివారికీ ఈ వ్యాసంతో పని లేదు. వారి నిర్ణయం గౌరవించదగ్గదే. పోదామనుకుంటున్న వారికి మాత్రం రెండు ప్రశ్నలు వస్తాయి. నాకు తుపాకి కొనే హక్కు ఉందా? ఉంటే, అంత ఖర్చు పెట్టకుండా మంచిది ఏది? చాలామంది రెండోదానితో మొదలుపెడతారు. మనం మొదటిదానితోనే మొదలుపెడదాం.

తుపాకి కన్నా ముందు వీసా

మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఐ-140 ఆమోదం వచ్చింది కదా, ఇంక వరసలో నిలబడడమే కదా అనుకుంటే కుదరదు. ఆ కాగితం వల్ల మీ హోదా మారదు.

ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. అది ఉంటే హెచ్-1బి మీద ఉన్నవారు కూడా షాట్‌గన్ కొనవచ్చు, ఉంచుకోవచ్చు. కొట్లో నింపే ఫెడరల్ ఫారంలో పౌరసత్వం సంగతీ, వీసా సంగతీ అడుగుతారు. వేట లైసెన్సు చూపించాలి, ఐ-94 నంబరు కూడా కావాలి. తర్వాత ఎఫ్.బి.ఐ. వారి వ్యవస్థలో మీ వివరాలు సరిచూస్తారు. ఆ ఫారంలో అబద్ధం రాస్తే అదే ఒక పెద్ద నేరం.

ఇందులో మూడు చోట్ల కాలు జారే ప్రమాదం ఉంది.

మొదటిది, గడువు. టెక్సాస్‌లో మామూలు వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. మీరు వీసా మీద ఉండి, సెప్టెంబరులో కొత్తది తీసుకోవడం మరిచిపోతే, అల్మారాలో ఉన్న తుపాకి అలాగే ఉంటుంది గానీ మీ మినహాయింపు పోతుంది. 2022 చట్టం తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ళ జైలు. దానికి తోడు తుపాకి నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. ఈ రెండో ముప్పు గ్రీన్ కార్డు వారికి కూడా వర్తిస్తుంది. డొమైన్ పేరు రెన్యువల్‌కి కాలెండర్లో గుర్తు పెట్టుకుంటాం కదా, దీనికి రెండు గుర్తులు పెట్టుకోండి.

రెండోది, షూటింగ్ రేంజి. టీమ్ అవుటింగ్ పేరుతో సహోద్యోగులతో వెళ్ళి, అద్దె తుపాకి ఓ పది నిమిషాలు చేతిలోకి తీసుకున్నా చట్టం దృష్టిలో అది దగ్గర ఉంచుకోవడమే. లైసెన్సు లేని వీసాదారులు వెళ్ళి చూడవచ్చు గానీ చెయ్యి వేయకూడదు.

మూడోది, స్నేహితుడి చేత కొనిపించడం. "నీకు పౌరసత్వం ఉందిగా, నా కోసం ఒకటి కొనిపెట్టు" అనడం ఇద్దరినీ ముంచే పని. ఇంకొకరి తరఫున కొనడం 2022 నుంచి ప్రత్యేకమైన ఫెడరల్ నేరం.

అంచేత వరస ఇది. ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే కొట్టు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వారందరికీ ఈ కోర్సు ఉండాలి. 17 ఏళ్ళు దాటినవారు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయవచ్చు. ఇహ రాష్ట్రాల నియమాలు వేరు. న్యూజెర్సీలో తుపాకి కొనడానికి ముందే పోలీసుల ద్వారా ఐడీ కార్డు తీసుకోవాలి. ఇల్లినాయిలో ఫోయిడ్ కార్డు కావాలి. మీ రాష్ట్రం సంగతి మీరు చూసుకోండి. ఇమిగ్రేషన్ విషయంలో ఏ మాత్రం అనుమానం ఉన్నా లాయరుకి ఇచ్చే ఫీజు తుపాకి ధరలో భాగమే అనుకోండి.

ఏ వేటకి?

రిక్వైర్‌మెంట్స్ రాయకుండా సర్వర్ కొనేవాడిని చూసి మనం నవ్వుతాం. తుపాకి కొట్లో మాత్రం మనమే ఆ పని చేస్తాం. షాట్‌గన్ అంటే ఒకే గుండు కాకుండా గుప్పెడు చిన్న చిన్న గుళ్ళని ఒకేసారి విసిరే తుపాకి. ఎగిరే పిట్టలకీ, పరిగెత్తే కుందేళ్ళకీ సరిపోతుంది. కొన్ని రాష్ట్రాల్లో, న్యూజెర్సీ లాంటి చోట, జింకల వేటకి రైఫిల్ బదులు ఇదే వాడతారు. అప్పుడు గుళ్ళ బదులు స్లగ్ అనే ఒకే పెద్ద గుండు పెడతారు.

కొత్తవారిలో ఎక్కువమంది గువ్వలు, కౌజు పిట్టలు, బాతులు, కుందేళ్ళతో మొదలుపెడతారు. వీటన్నిటికీ 26 లేక 28 అంగుళాల గొట్టం ఉన్న ఫీల్డ్ మోడల్ కావాలి. కొట్లో అన్నిటికన్నా చవగ్గా కనబడే 18 అంగుళాల చిల్లర పొట్టి గొట్టం తుపాకులు ఇంటి కాపలాకి చేసినవి. ఎగిరే పిట్ట వెంట సాఫీగా తిప్పడానికి అవి కుదరవు. పొడవు గొట్టాన్ని ఇంట్లో రంపంతో కోసి పొట్టి చేద్దామనే ఆలోచన అసలే వద్దు. ముందస్తు ఫెడరల్ అనుమతి లేకుండా షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకి తగ్గితే అది నేరం.

గేజ్ అనే తిరకాసు లెక్క

ఇండియాలో 12 బోర్ అనే మాట వినే ఉంటారు. ఇక్కడ దాన్నే 12 గేజ్ అంటారు. గొట్టం వెడల్పుకి సరిపోయే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో ఆ సంఖ్యే గేజ్. పన్నెండు గుండ్లయితే 12 గేజ్, ఇరవై అయితే 20 గేజ్. కాబట్టి సంఖ్య పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12 గేజ్ గొట్టం వెడల్పు సుమారు 0.729 అంగుళం, 20 గేజ్‌ది 0.615. ఈ లెక్కకి లొంగనిది .410 ఒక్కటే. అది గేజ్ కాదు, నేరుగా అంగుళాల్లో కొలత.

ఒకే తుపాకి కొంటే 12 గేజ్ కొనండి. తూటాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, రకాలు ఎక్కువ, ధర తక్కువ. సన్నగా ఉన్నవారికీ, భుజం నొప్పి భయం ఉన్నవారికీ 20 గేజ్ మంచిదే. కానీ ఒక కిటుకుంది. తుపాకి తేలికైన కొద్దీ వెనక్కి తన్నేది ఎక్కువ. మరీ తేలికపాటి 20 గేజ్ కన్నా కాస్త బరువున్న 12 గేజ్‌లో తేలిక తూటా వేసుకుంటే భుజానికి సుఖం. చిన్నదిగా, ముద్దుగా ఉందని .410తో మొదలుపెట్టకండి. అందులో గుళ్ళు తక్కువ. అది చెయ్యి తిరిగిన వారికి.

చాంబర్ పొడవు గొట్టం మీద చెక్కి ఉంటుంది: రెండుముప్పావు, మూడు, లేక మూడున్నర అంగుళాలు. ఇది మనకి తెలిసిన బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీయే. మూడంగుళాల చాంబర్‌లో రెండుముప్పావు తూటా వేసుకోవచ్చు. పొట్టి చాంబర్‌లో పొడవు తూటా మాత్రం వేయకూడదు. మూడంగుళాల చాంబర్ అన్ని అవసరాలకీ చాలు.

రెండు గేజ్‌లు ఇంట్లో ఉంటే తూటాలు కలిసిపోకుండా చూసుకోండి. 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. అది కనబడక దాని వెనక 12 గేజ్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగులుతుంది, చెయ్యి పోతుంది. 20 గేజ్ తూటాలని పసుప్పచ్చ రంగులో చేసేది అందుకే.

పంపా, ఆటోనా, జంట గొట్టాలా?

తక్కువ ధరలో దొరికేవి నాలుగు రకాలు. మధ్యలో విరిచి ఒక్క తూటా పెట్టే సింగిల్ షాట్ అన్నిటికన్నా చవక. నేర్చుకోవడానికి మంచిదే గానీ తేలికగా ఉండి గట్టిగా తన్నుతుంది, రెండో అవకాశం ఇవ్వదు. జంట గొట్టాలది అందంగా ఉంటుంది, ఖాళీగా ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. అయితే అందులో మరీ చవక రకాల జోలికి పోకపోవడం మంచిది. సెమీ-ఆటోమేటిక్ ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తనే తర్వాతి తూటా ఎక్కించుకుంటుంది. అందులో గ్యాసుతో నడిచేవి భుజానికి మెత్తగా ఉంటాయి. ధర ఎక్కువ, శుభ్రం చేసే పనీ ఎక్కువ.

మిగిలింది పంప్. ముందు పిడిని వెనక్కి లాగి ముందుకి తోస్తే ఖాళీ తూటా బయటికి వచ్చి కొత్తది లోపలికి పోతుంది. చేతి బలంతో నడుస్తుంది కాబట్టి ఏ తూటా వేసినా నడుస్తుంది. దుమ్మైనా, వానైనా లెక్క చేయదు. కంగారులో సగం లాగి వదిలేస్తే మాత్రం తూటా ఇరుక్కుంటుంది. అది నాలుగు రోజుల సాధనతో పోయే అలవాటు. తక్కువ ఖర్చు, ఎక్కువ మన్నిక కావాలంటే పంప్‌ని మించినది లేదు.

మూడు పేర్లు

మాస్‌బర్గ్ 500: 1960ల మొదట్లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. సేఫ్టీ మీట పైన, బొటనవేలి కింద ఉంటుంది. ఎడమ చేతివాటం వారికి కూడా సుఖం. పై భాగం అల్యూమినియం మిశ్రమం కావడంతో మోయడానికి తేలిక. పొట్టివారికీ, పిల్లలకీ చిన్న స్టాక్ రకాలున్నాయి. ధర నాలుగైదు వందల డాలర్ల ప్రాంతంలో ఉంటుంది.

మావెరిక్ 88: ఇదీ మాస్‌బర్గ్ వారిదే, చవక రకం. సేఫ్టీ ట్రిగ్గర్ దగ్గర అడ్డంగా నొక్కే బొత్తాం. మాస్‌బర్గ్ 500 గొట్టాలు చాలామటుకు దీనికి పడతాయి. అంటే రేపు జింకల వేటకి స్లగ్ గొట్టం ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుంది. చోక్ సాధారణంగా ఒకటే ఇస్తారు. రెండు నుంచి మూడు వందల డాలర్ల లోపు కొత్తది కావాలంటే నా ఓటు దీనికే.

రెమింగ్టన్ 870: 1950లో వచ్చింది. 2009 నాటికి కోటి తుపాకులు తయారయ్యాయి. పై భాగం ఉక్కు, నడక నునుపు. కంపెనీ మాత్రం ఒడిదుడుకులు చూసింది. 2018లో, మళ్ళీ 2020లో దివాలా కోర్టుకి వెళ్ళింది, ఆస్తులు వేర్వేరు వాళ్ళు కొన్నారు, న్యూయార్క్‌లోని ఇలియన్ ఫ్యాక్టరీ 2024లో మూతబడింది. తయారీ ఇప్పుడు జార్జియాలో. ఇంత పెద్ద సంఖ్యలో తిరుగుతున్నవి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచి 870 దొరకడం కష్టం కాదు, విడిభాగాలకీ కొదవ లేదు.

భుజానికి సరిపోవాలి

రైఫిల్‌కి గురి చూస్తాం. షాట్‌గన్‌కి చూపు పిట్ట మీదే ఉంటుంది, తుపాకి మన కంటి వెంట రావాలి. అంచేత చొక్కాలాగా ఇదీ ఒంటికి సరిపడాలి. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి దాకా ఉండే పొడవు మామూలుగా 14 అంగుళాల దగ్గర ఉంటుంది. ఐదున్నర అడుగుల లోపు వారికి అది ఎక్కువవుతుంది, చంకలో తట్టుకుంటుంది. కొట్టువాళ్ళని అడిగి, ఖాళీగా ఉందని చూసుకుని, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తుకోండి. కళ్ళు తెరిచినప్పుడు గొట్టం చివరి పూస సూటిగా కనబడితే మీకు సరిపోయినట్టే. గొట్టం పై భాగం అంతా కనబడుతున్నా, అసలు పూసే కనబడకపోయినా సరిపోనట్టు.

ఇంకొకటి, ఏ కన్ను బలమైనదో చూసుకోండి. రెండు చేతులు చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న గోడ గడియారాన్ని రెండు కళ్ళతో చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలబడుతుందో అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైతే తుపాకి కొనేముందే శిక్షకుడికి చెప్పండి.

చోక్, గుళ్ళు, ఒక పెద్ద కాగితం

గొట్టం చివర కొద్దిగా నొక్కుకుపోయే భాగం చోక్. తోటకి నీళ్ళు పెట్టేటప్పుడు ట్యూబు మూతిని బొటనవేలితో నొక్కినట్టు అన్నమాట. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో పడే గుళ్ళు ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో సుమారు సగం, మాడిఫైడ్‌తో 60 శాతం, ఫుల్‌తో 70 శాతం. గువ్వలకి మొదటి రెండూ చాలు. మరలతో మార్చుకునే చోక్ ఉన్న తుపాకే కొనండి.

గుళ్ళ సంఖ్య కూడా తిరకాసే. 17లోంచి ఆ సంఖ్య తీసేస్తే గుండు వ్యాసం అంగుళంలో వందో వంతుల్లో వస్తుంది. 6వ నంబరైతే 0.11 అంగుళం, ఏడున్నర అయితే 0.095. గువ్వలకి ఏడున్నర లేక 8. ఒక ఔన్సులో ఏడున్నర నంబరు సీసం గుళ్ళు సుమారు 350 ఉంటాయి. అవి సుమారు 200 గజాల దాకా పోయి పడగలవు. పిట్ట వెనక ఏముందో చూడకుండా కాల్చకూడదనేది అందుకే.

బాతులకి మాత్రం సీసం పనికిరాదు. నీటి పక్షులు ఆ గుళ్ళని మేతతో పాటు మింగి చచ్చిపోతున్నాయని 1991 నుంచి అమెరికా అంతటా నిషేధించారు. ఉక్కు గుళ్ళు వాడాలి. ఉక్కు సీసం కన్నా తేలిక కాబట్టి రెండు నంబర్లు పెద్ద గుండు ఎంచుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకైనా సీసం నిషేధమే. వలస పక్షుల వేటలో తుపాకిలో మూడు తూటాలకి మించి పట్టకుండా గొట్టపు మ్యాగజైన్‌లో ప్లగ్ ఉండాలి. కొన్న రోజే అది ఉందో లేదో చూసుకోండి.

కొన్నాక నేరుగా వేటకి పోకండి. రేంజిలో 30 గజాల దూరంలో ఒక పెద్ద కాగితం కట్టి, వేటకి వాడబోయే తూటాతోనే కాల్చి గుళ్ళు ఎలా పడ్డాయో చూడండి. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌కి వెళ్తే మనకి డిఫెక్టు వస్తుంది. ఇక్కడ అయితే రెక్క విరిగి పొదల్లో పడి, దొరక్కుండా రోజంతా విలవిల్లాడే పిట్ట మిగులుతుంది. వేటకి వెళ్ళేవాడు ఆ ప్రాణానికి బాకీ ఉన్నది అదే: ఒక్క దెబ్బలో ముగించడం, వెతికి తెచ్చి వృథా కాకుండా తినడం.

పాతది కొంటే

ముందు ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. గొట్టం లోపల వెలుగు పెట్టి చూడండి. ఎక్కడైనా ఉంగరంలా నీడ కనబడితే గొట్టం ఉబ్బిందన్నమాట, వదిలేయండి. చోక్ మరలు విప్పి చూడండి, తుప్పుతో పట్టేసి ఉంటే బేరం తగ్గించండి. చాంబర్ పొడవు చెక్కిన అక్షరాలు చదవండి. తాతల కాలపు గొట్టాల్లో నేటి తూటాలు గానీ, ఉక్కు గుళ్ళు గానీ వేయకండి. వీసా మీద ఉన్నవారు, పత్రాలన్నీ ఒకచోట ఉండేందుకు లైసెన్సున్న కొట్లోనే కొనడం క్షేమం.

మొత్తం ఎంతవుతుంది?

తుపాకి 250 నుంచి 400 డాలర్లు. పాతిక తూటాల పెట్టె 8 నుంచి 12 డాలర్లు. కొత్తవారికి ఒక్క గువ్వకి ఐదారు తూటాలు ఖర్చవడం మామూలే, కాబట్టి సాధనకి కలిపి పది పెట్టెలు అనుకోండి. చెవులకీ కళ్ళకీ రక్షణ 40. శుభ్రం చేసే సరంజామా 25. తాళం వేసే ఉక్కు బీరువా 120 నుంచి. టెక్సాస్ నివాసికి లైసెన్సు 25, వలస పక్షులకి అదనంగా 7. ఆరు నెలలు అక్కడ ఉంటేనే నివాసి ధర. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కాబట్టి చోటు కోసం 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ మంచి బేరం. బాతులకైతే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు కూడా కావాలి. అన్నీ కలిపి ఆరేడు వందల దగ్గర తేలుతుంది. తుపాకి అందులో సగమే. కొట్లో ఖరీదైన మోడల్ చూసి మనసు లాగినప్పుడు, ఆ తేడా డబ్బుతో ఎన్ని పెట్టెల తూటాలు వస్తాయో లెక్కేసుకోండి. పిట్ట పడేది సాధనతో, చెక్క మెరుపుతో కాదు.

ఇంట్లోకి వచ్చాక

మన ఇళ్ళల్లో వారాంతం వచ్చిందంటే నలుగురు కుటుంబాలు, పదిమంది పిల్లలు. వాళ్ళు తెరవని అల్మారా ఉండదు. తుపాకి ఖాళీగా, తాళంలో. తూటాలు వేరే చోట, వేరే తాళంలో. తాళాలు పిల్లలకి తెలియని చోట. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు వారికి తూటా ఎక్కించిన తుపాకి అందేలా వదిలేయడం నేరం కూడా. దంపతుల్లో ఒకరు హెచ్-4 మీద ఉండి లైసెన్సు లేకపోతే బీరువా తాళం రెండోవారి దగ్గరే ఉండాలి. "తుపాకి మా వారిది" అనడం ఒక్కటే సరిపోదు, అందుబాటులో ఉండడాన్ని కూడా చట్టం అడుగుతుంది.

విమానంలో తీసుకెళ్ళాలంటే ఖాళీ చేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్‌లో చెప్పి చెకిన్ చేయాలి. ఇండియాకి తీసుకెళ్ళి బావమరిదికి చూపిద్దామనే ముచ్చట మాత్రం మానుకోండి. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు లేకుండా ఒక్క తూటా సామాన్లో దొరికినా విమానాశ్రయంలోనే కేసు. వేటకి తీసుకెళ్ళిన సంచీనే ప్రయాణానికి సర్దుకునే అలవాటు ఉంటే, ప్రతి అర బయటికి తీసి దులపండి.

ఈ ఏడు కోర్సు పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని, ఎవరైనా అనుభవజ్ఞుడి వెంట తుపాకి లేకుండా ఒక రోజు పొలానికి వెళ్ళి చూసి రండి. తెల్లవారుజామున ఆ నిశ్శబ్దం, ఆ ఓపిక మీకు నచ్చితే కొట్టు ఎక్కడికీ పోదు. నచ్చకపోతే ఆరేడు వందల డాలర్లు మిగిలినట్టే.